తవ్వకుండా తెలుసుకోవడం

(హైదరాబాద్‌లో ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో ఆదివారం సాయంత్రం ఒక విశ్రాంత భూభౌతికశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి రాతరూపం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి. మైకు అందరికీ వినపడుతోంది కదా? సరే.

మనం కూర్చున్న చోటి నుంచి భూమి నడిమధ్యకు సుమారు 6,371 కిలోమీటర్లు. మనుషులు ఇప్పటిదాకా తొలిచిన అతి లోతైన రంధ్రం రష్యాలో, కోలా ద్వీపకల్పంలో ఉంది. సోవియట్ ప్రభుత్వం 1970లో మొదలుపెట్టి దాదాపు ఇరవై ఏళ్లు తొలిపించింది. 12,262 మీటర్ల దగ్గర ఆగిపోయింది. అక్కడ వేడి 180 డిగ్రీలు. అనుకున్నదానికంటే చాలా ఎక్కువ. రాయి మెత్తబడిపోయి తొలిచిన రంధ్రం నిలవలేదు. ఒక అగ్రరాజ్యం అంత డబ్బు పోసి ఇరవై ఏళ్లు కష్టపడితే వచ్చింది జానెడు వెడల్పు రంధ్రం. భూమి లోతుతో పోలిస్తే వెయ్యిలో రెండు వంతులు కూడా కాదు.

మరి స్కూలు పుస్తకంలో భూపటలం, ప్రావారం, కేంద్రమండలం అని బొమ్మ వేసి, రంగులు పూసి, పక్కన కిలోమీటర్లు కూడా రాస్తారు కదా. ఎవరు వెళ్లి చూసొచ్చారు? ఎవరూ వెళ్లలేదు. చూడనిదాన్ని అంత ధైర్యంగా ఎలా చెబుతున్నారు, ఎక్కడివరకు చెప్పగలరు, ఎక్కడ నోరు మూసుకోవాలి, ఈ మూడూ ఇవాళ మాట్లాడదాం. నా దృష్టిలో మూడోదే ముఖ్యం.

ఈ విషయం మాట్లాడటానికి హైదరాబాద్ కంటే మంచి చోటు లేదు. ఉప్పల్ రోడ్డులో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అదే ఎన్‌జీఆర్‌ఐ, 1961 నుంచీ ఉంది. బండ్లగూడలో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్షిణ ప్రాంత కార్యాలయం ఉంది. యురేనియం లాంటివి వెతికే అణు ఖనిజాల డైరెక్టరేట్ బేగంపేటలో ఉంది. ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్, సముద్రం సంగతి చూసేది. సముద్రం లేని ఊళ్లో సముద్రం ఆఫీసేమిటని నవ్వుతారు. దాని గురించి తర్వాత చెబుతాను.

మొదట భూకంపాలు. చూడకుండా తెలుసుకోవడం అనే విద్య అక్కడే పుట్టింది.

1897 జూన్ 12న షిల్లాంగ్ పీఠభూమిలో చాలా పెద్ద భూకంపం వచ్చింది. దాన్ని పరిశీలించింది మన జియలాజికల్ సర్వేలో పనిచేసిన రిచర్డ్ డిక్సన్ ఓల్డమ్. ఇక్కడ కూలిన ఇళ్లు, చీలిన నేల చూసి ఊరుకోలేదు ఆయన. ఆ భూకంపం యూరప్‌లోని పరికరాల మీద గీసిన గీతలు తెప్పించుకున్నాడు. గీతలో ఒకటి తర్వాత ఒకటి మూడు రకాల కదలికలు కనిపించాయి. భూకంపం నుంచి వేర్వేరు వేగాలతో వేర్వేరు తరంగాలు వస్తాయని అలా తేలింది. తర్వాత 1906లో ఆయనే, ఇంకొన్ని భూకంపాల గీతలు చూసి, భూమి మధ్యలోంచి వచ్చే తరంగాలు ఆలస్యంగా వస్తున్నాయి కాబట్టి లోపల వేరే పదార్థంతో ఒక గోళం ఉండాలని చెప్పాడు. 1936లో డెన్మార్క్‌లో ఇంగె లేమన్ అనే ఆవిడ ఆ గోళం లోపల ఇంకో గోళం ఉందని చూపించింది. పుస్తకంలో బొమ్మ అక్కడి నుంచి వచ్చింది. ఇద్దరూ పార పట్టలేదు. కాగితం మీద గీతలు చూశారు, లెక్కలు కట్టారు.

ఆ తరంగాల సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మిగతా కథంతా దాని మీదే నడుస్తుంది. ఆ మూడింటిలో నేల పైపైన పాకేదాన్ని పక్కన పెడితే, భూకంపం పుట్టిన చోటి నుంచి రెండు రకాల తరంగాలు ఒకేసారి బయలుదేరతాయి. మొదటిది రాయిని ముందుకూ వెనక్కూ నొక్కుతూ వస్తుంది. పీ తరంగం అంటాం. గట్టి రాతిలో సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు పోతుంది. రెండోది రాయిని పక్కలకు ఊపుతూ వస్తుంది. ఎస్ తరంగం. సెకనుకు మూడున్నర కిలోమీటర్లు. ఇళ్లను ఎక్కువగా పాడుచేసేది పీ కాదు, వెనకొచ్చే ఊపులే. మెరుపు కనపడ్డాక ఉరుము ఎన్ని సెకన్లకు వినపడిందో లెక్కపెట్టి పిడుగు ఎంత దూరంలో పడిందో చెబుతాం చూడండి, ఇదీ అదే లెక్క. పీకి, ఎస్‌కి మధ్య ఒక్కో సెకను తేడాకు సుమారు 8 కిలోమీటర్ల దూరం అనుకోవచ్చు.

2024 డిసెంబర్ 4 గుర్తుందా? ఉదయం ఏడున్నర కావస్తుండగా. ములుగు జిల్లా అడవుల్లో 5.3 తీవ్రతతో భూకంపం. వరంగల్, ఖమ్మం, విజయవాడ, ఇక్కడ హైదరాబాద్‌లో కూడా చాలామందికి తెలిసింది. అక్కడి నుంచి ఇక్కడికి నేరుగా గీత గీస్తే 200 కిలోమీటర్ల పైచిలుకు. అంటే మన దగ్గర రెండు తరంగాల మధ్య పాతిక సెకన్లకు పైనే తేడా ఉండాలి. మీలో ఎవరైనా మొదట కిటికీ అద్దం సన్నగా గలగలమన్నట్టు, కాసేపాగి మంచం ఊగినట్టు గమనించి ఉంటే, మీకు తెలియకుండానే దూరం కొలిచారన్నమాట.

కానీ ఒక్క చోటి కొలత దూరమే చెబుతుంది, దిక్కు చెప్పదు. హైదరాబాద్ చుట్టూ 200 కిలోమీటర్ల వృత్తం గీస్తే దాని మీద ఎక్కడైనా కావచ్చు. రెండో కొలత కేంద్రం నుంచి ఇంకో వృత్తం గీస్తే రెండు చోట్ల కలుస్తాయి. మూడోది ఉంటే చోటు తేలుతుంది. నిజంగా చేసేటప్పుడు పదుల కేంద్రాల లెక్కలు కంప్యూటర్ చూస్తుంది కానీ సూత్రం ఇంతే. చోటు తేల్చడం కంటే లోతు తేల్చడం కష్టం. ములుగు భూకంపానికి లోతు 40 కిలోమీటర్లుగా నమోదు చేశారు. దగ్గరలో కేంద్రాలు తక్కువగా ఉంటే లోతు అంకె మీద అంత నమ్మకం పెట్టుకోకూడదు. పేపర్లో చదివినప్పుడు మాత్రం రెండు అంకెలూ ఒకే గట్టిదనంతో కనిపిస్తాయి.

ఆ ప్రాంతంలోనే ఎందుకొచ్చింది? ప్రాణహిత, గోదావరి వెంట భూపటలంలో ఒక పాత చీలిక లోయ ఉంది. అటూ ఇటూ చాలా పాత గట్టి రాతి భూభాగాలు, మధ్యలో కిందికి దిగిన లోయ. ఆ లోయ దిగుతూ ఉంటే అందులో ఇసుక, మట్టి, అడవులు పేరుకున్నాయి. సింగరేణి బొగ్గు అంతా ఆ లోయలోదే. జురాసిక్ కాలపు రాక్షసబల్లులూ, అదే డైనోసార్లు, అక్కడివే. బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అస్థిపంజరం అదే లోయలో, పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికింది. పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి, టికెట్టు డబ్బులు వృథా కావు. ఆ లోయ అంచుల్లోని పాత చీలికలు ఇప్పటికీ అప్పుడప్పుడూ కదులుతాయి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7తో వచ్చింది కూడా ఆ లోయలోనే.

ములుగు విషయంలో ఒక పుకారు బాగా తిరిగింది, చెప్పకపోతే బాగుండదు. దానికి మూడు నెలల ముందు, ఆగస్టు 31న, తాడ్వాయి మేడారం అడవిలో సుడిగాలి లాంటి ఈదురుగాలికి వేలాది చెట్లు ఒక్కసారిగా కూలాయి. భూకంపం రాగానే ‘అప్పుడే సూచన వచ్చింది’ అని వాట్సాప్‌లో మొదలైంది. చెట్లు కూల్చింది ఆకాశంలో పుట్టిన గాలి. భూకంపం పుట్టింది కిలోమీటర్ల లోతున రాతిలో. రెండూ ఒకే అడవిలో జరగడం తప్ప సంబంధం ఉందనడానికి ఏ ఆధారమూ లేదు. తెలివైనవాళ్లు కూడా ఆ మెసేజ్ పంపారు. ఏం చేస్తాం.

ఇప్పుడు మన ఊరికే వద్దాం. 2020 అక్టోబర్‌లో బోరబండ వాళ్లు రాత్రిళ్లు నేలలోంచి పెద్ద పెద్ద శబ్దాలు విని భయపడి రోడ్ల మీదికి వచ్చారు. కరోనా టెన్షన్ ఒకటి, పైగా ఇది. ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు వెళ్లి అక్కడే చిన్న సిస్మోగ్రాఫ్‌లు పెట్టారు. అవి అతి చిన్న భూకంపాలు. మామూలుగా అంత చిన్నవి మనిషికి తెలియవు. కానీ అవి నేలకు చాలా దగ్గరగా, గట్టి గ్రానైటు రాతిలో వచ్చాయి. గట్టి రాయి సన్నని వేగమైన కంపనాలను మింగేయకుండా పైకి పంపుతుంది. అవి గాలిలోకి వచ్చేసరికి చెవికి ధ్వనిగా వినపడతాయి. అందుకే ఊపు తక్కువ, మోత ఎక్కువ. వానాకాలం చివర్లో నీరు రాతి పగుళ్లలోకి దిగి లోపలి ఒత్తిడిని కొద్దిగా మార్చడం వల్ల ఇలాంటివి వస్తాయని శాస్త్రవేత్తల వివరణ.

ఇక్కడ తీవ్రత అంకెల గురించి ఒక మాట. ఒకటి కంటే రెండు రెట్టింపు అనుకోకండి. అంకె ఒకటి పెరిగితే ఊపు పది రెట్లు, బయటపడే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతాయి. 1 తీవ్రతకూ 5 తీవ్రతకూ మధ్య శక్తిలో తేడా 10 లక్షల రెట్లు. బోరబండనీ ములుగునీ ఒకే హెడ్‌లైన్ సైజులో వేసిన చానెళ్లకు ఈ లెక్క ఎవరైనా చెప్పాలి.

నీళ్ల వల్ల భూకంపమా అని ఆశ్చర్యపోతున్నారు కొందరు. మహారాష్ట్రలో కోయ్నా డ్యామ్ కట్టి 1962 ప్రాంతంలో నీళ్లు నింపడం మొదలుపెట్టాక చిన్న చిన్న కదలికలు మొదలయ్యాయి. 1967 డిసెంబర్ 11 తెల్లవారుజామున 6.3తో పెద్దది వచ్చింది. దాదాపు 200 మంది చనిపోయారు. డ్యామ్‌లో నిలిచిన నీటి బరువు కొంత, నీటి ఒత్తిడి పగుళ్లలోకి దిగడం కొంత. అయితే నీళ్లు భూకంపాన్ని పుట్టించవు. అప్పటికే లోపల బిగుసుకుని ఉన్న రాతిని జారనిస్తాయి. బిగువు లేని చోట ఎంత పెద్ద డ్యామ్ కట్టినా ఏమీ కాదు. కోయ్నా దగ్గర ఇప్పటికీ, అరవై ఏళ్ల తర్వాత కూడా, ఏటా వానాకాలం తర్వాత చెరువు మట్టం మారుతుంటే చిన్న భూకంపాలు వస్తూనే ఉన్నాయి. అన్నీ కొద్దిపాటి విస్తీర్ణంలోనే. అందుకని శాస్త్రవేత్తలకు అది అచ్చంగా ప్రయోగశాల అయింది. ఎక్కడ వస్తుందో ముందే తెలిసిన భూకంపాలు మరెక్కడ దొరుకుతాయి? ఎన్‌జీఆర్‌ఐకి చెందిన హర్ష్ గుప్తా జీవితమంతా దాని మీద పనిచేశారు. తర్వాత అక్కడ 3 కిలోమీటర్ల లోతు పరిశోధన బోరు కూడా వేశారు. పైనున్న బసాల్టు, అంటే లావా గట్టిపడ్డ నల్లరాయి, కిలోమీటరు పైచిలుకు మందం ఉంది. దాని కింద తగిలింది మన హైదరాబాద్‌లో పైకి కనిపించేలాంటి పాత గ్రానైటు జాతి రాయే.

కోయ్నా దాకా దక్షిణాది పీఠభూమి కదలదని అందరూ నమ్మారు. దేశపు భూకంప మ్యాపులో సున్నా జోన్ అని ఒకటి ఉండేది. అంటే భూకంపం భయం లేదని. కోయ్నా తర్వాత 1970లో ఆ సున్నా జోన్ తీసేశారు. తర్వాత 1993 సెప్టెంబర్ 30న లాతూరు జిల్లా కిల్లారి. వినాయక నిమజ్జనం చేసి నిద్రపోయిన ఊళ్లు. 6.2 తీవ్రత, దాదాపు 10 వేల మంది. రాళ్లూ మట్టితో కట్టిన మందపాటి గోడల కింద పడి పోయారు. అది జోన్ 1, అన్నిటికంటే భద్రమైనది. 2002 మ్యాపులో జోన్ 1 కూడా పోయింది, అక్కడివన్నీ జోన్ 2లోకి వచ్చాయి. ఆ మ్యాపులో మన హైదరాబాద్ జోన్ 2. రియల్ ఎస్టేట్ బ్రోషర్లలో ‘భూకంపాలు రాని నగరం’ అని చూస్తుంటాను. తక్కువ ప్రమాదం అంటే ఒప్పుకుంటాను. రానే రాదు అంటే ఆ మాటకు ఇప్పటికి రెండుసార్లు మ్యాపు దిద్దాల్సి వచ్చింది.

అందరూ అడిగే ప్రశ్న: ఎప్పుడొస్తుందో ముందే చెప్పగలరా? చెప్పలేరు. 1975 ఫిబ్రవరిలో చైనాలో హైచెంగ్ ఊరిని ముందే ఖాళీ చేయించారు, తర్వాత 7.3తో భూకంపం వచ్చింది. ముందు చిన్న భూకంపాలు వరసగా రావడం అక్కడ కలిసొచ్చింది. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. ఏడాదిన్నర తిరక్కుండా 1976 జులైలో అదే దేశంలో తాంగ్‌షాన్. ఏ హెచ్చరికా లేదు. అధికారిక లెక్కే 2 లక్షల 40 వేల మంది. అప్పటి నుంచి ఇప్పటిదాకా తేదీ, చోటు, తీవ్రత మూడూ చెప్పి నిలబడ్డ పద్ధతి ఒక్కటీ లేదు. గ్రహాలు చూసి చెప్పేవాళ్లు, మేఘాలు చూసి చెప్పేవాళ్లు యూట్యూబ్‌లో ఉన్నారు. రోజుకు ఎక్కడో ఒకచోట భూకంపం వస్తూనే ఉంటుంది కాబట్టి వాళ్ల మాట ఎప్పుడూ నిజమవుతూనే ఉంటుంది.

సునామీ మాత్రం వేరే. సముద్రం లేని ఊళ్లో సముద్రం ఆఫీసు అన్నాను కదా. 2004 డిసెంబర్ 26 ఉదయం ఆరున్నరకు సుమత్రా దగ్గర 9.1తో భూకంపం వచ్చింది. కెరటాలు మన తూర్పు తీరాన్ని తాకడానికి రెండు గంటలకు పైగా పట్టింది. రెండు గంటలు! చెప్పేవాళ్లు లేక మనుషులు పోయారు. భూకంప తరంగం గంటకు వేల కిలోమీటర్లు పోతుంది. సునామీ లోతైన సముద్రంలో గంటకు 700, 800 కిలోమీటర్లు. ఆ తేడాయే మనకు దొరికే సమయం. 2007 అక్టోబర్ నుంచి ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం పగలూ రాత్రీ నడుస్తోంది. భూకంపం చోటు, తీవ్రత నిమిషాల్లో తేలుస్తారు. సముద్రం అడుగున నీటి ఒత్తిడి కొలిచే పరికరాలు, తీరంలో నీటిమట్టం చూసే పరికరాలు కెరటం నిజంగా బయలుదేరిందా లేదా చెబుతాయి.

ఎందుకు చూడాలి, పెద్ద భూకంపం వస్తే సునామీ వస్తుంది కదా అంటారు. రాదు. 2012 ఏప్రిల్ 11న అదే సుమత్రా దగ్గర 8.6తో వచ్చింది. పెద్ద సునామీ రాలేదు. అక్కడ సముద్రగర్భం పైకి లేవలేదు, పక్కకు జరిగింది. నీళ్లను పైకి ఎత్తకపోతే పెద్ద కెరటం పుట్టదు. తీరమంతా ఖాళీ చేయించి, ఏమీ రాకపోతే, తర్వాతిసారి ఎవరూ కదలరు. కాబట్టి హెచ్చరిక ఇవ్వకపోవడం కూడా ఆ కేంద్రం పనే. నన్నడిగితే అది ఇంకా కష్టమైన పని.

భూకంపాలు చాలు. మన రాయి గురించి మాట్లాడదాం.

గోల్కొండ కోట గుట్ట, మౌలాలి గుట్ట, ఖాజాగూడ గుట్టలు, సెంట్రల్ యూనివర్సిటీలోని పుట్టగొడుగు బండ, అన్నీ గ్రానైటు జాతి. వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఎవరు లెక్కపెట్టారు? రాతిని పొడి చేసి, బరువైన ద్రవాల్లో వేసి, బరువు ఖనిజాలను వేరుచేస్తారు. వాటిలో జిర్కాన్ గింజలుంటాయి, ఒక్కోటి మిల్లీమీటరులో పదో వంతు. సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటీ సూదితో ఏరాలి. కళ్లు పోతాయి. జిర్కాన్ స్ఫటికం పుట్టేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. తర్వాత యురేనియం నెమ్మదిగా సీసంగా మారుతుంది. కాబట్టి గింజలో ఇప్పుడున్న సీసమంతా ఆ తర్వాత పుట్టిందే. యురేనియం 238 సగానికి తగ్గడానికి 447 కోట్ల ఏళ్లు. ఆ లెక్కన మన గ్రానైటు గింజలో మొదట ఉన్నదాంట్లో దాదాపు మూడో వంతు ఇప్పటికి సీసమై ఉండాలి. ఇంకో యురేనియం, 235, సగం కావడానికి 70 కోట్ల ఏళ్లే. అది వేరే రకం సీసమవుతుంది. ఒకే గింజలో రెండు లెక్కలు. రెండూ ఒకే వయసు చెబితే నమ్ముతాం. చెప్పకపోతే గింజ మధ్యలో ఎప్పుడో వేడెక్కి సీసం పోగొట్టుకుందని అర్థం. తనను తానే తనిఖీ చేసుకునే పద్ధతి కాబట్టి దీనికి అంత గౌరవం.

వికారాబాద్ వైపు కారులో వెళ్తుంటే ఎర్రచెలకలు పోయి నల్లరేగడి వస్తుంది గమనించారా? అక్కడి నుంచి దక్కన్ లావా మొదలవుతుంది. అది 6.6 కోట్ల ఏళ్లనాటిది. మన గ్రానైటు ముందు నిన్న మొన్నటిది. మీ ఇంట్లో తాండూరు బండలుంటే అవి వేరే కథ, ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి. కొన్ని గంటల బస్సు ప్రయాణంలో మూడు లోకాలు దాటతాం, ఫోన్ చూసుకుంటూ.

ఒక బండ మీద ఇంకో బండ, పడిపోతుందా అన్నట్టు నిలబడి ఉంటాయి కదా. దేవుడు పేర్చాడని, రాక్షసులు విసిరారని కథలున్నాయి. ఎవరూ పేర్చలేదు. ఈ గ్రానైటు కిలోమీటర్ల లోతున చల్లారి గట్టిపడింది. పైనున్నదంతా కోట్ల ఏళ్లలో కొట్టుకుపోయాక బరువు తగ్గి రాయి పగిలింది. నిలువు పగుళ్లు, అడ్డ పగుళ్లు. పగుళ్ల వెంట వాననీరు దిగింది. గ్రానైటులో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని నీరు మెల్లగా బంకమట్టిగా మారుస్తుంది. మూలలకు మూడు వైపుల నుంచీ నీరు తగులుతుంది కాబట్టి మూలలు ముందు కరుగుతాయి. పలకలుగా ఉన్న రాయి భూమిలోపలే గుండ్రమైంది. చుట్టూ ఉన్నది మొరం అయింది. తర్వాత మొరం కొట్టుకుపోయి గుండ్లు ఎక్కడివక్కడే నిలిచాయి. కొత్తగా సెల్లార్ తవ్వుతున్న చోట గోతి గోడ చూడండి. మొరంలో సగం తయారైన గుండ్లు కనిపిస్తాయి. వాచ్‌మన్‌ను అడిగి చూడండి మరి, గోతి అంచుకు వెళ్లకండి.

ఈ మొరం మాట ఎందుకు పట్టుకున్నానంటే, మన నీళ్లు ఉన్నది దాన్లోనే. 1999 నుంచి ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రాన్స్ భూగర్భ సర్వే సంస్థ కలిసి ఇక్కడే మహేశ్వరంలో ఏళ్ల తరబడి బోర్లు కొలిచాయి. తేలింది ఏమిటంటే, పైన పది పదిహేను మీటర్లు మెత్తబడిన మొరం. అది స్పాంజిలా నీటిని పట్టి ఉంచుతుంది. దాని కింద ఇంకో పదిహేను ఇరవై మీటర్లు పగుళ్ల రాయి. నీళ్లు పారేది అందులో. ఆ కింద చెక్కుచెదరని బండ. సుమారు 35, 40 మీటర్లు దాటాక పగుళ్లు బాగా తగ్గిపోతాయి. అడుగుల్లో చెప్పాలంటే 120, 130 అడుగులు. మనం వేస్తున్న బోర్లు ఎన్ని అడుగులు? వెయ్యి. అంత లోతులో ఎక్కడైనా ఒక పగులు, బోరువాళ్లు గ్యాప్ అంటారు, తగిలితే అదృష్టం. ఆ గ్యాప్‌లోని నీళ్లు కూడా ఎప్పటినుంచో అక్కడే ఉన్నవి, రాతితో ఎక్కువకాలం ఉన్నవి. గ్రానైటులో ఫ్లోరైడ్ ఉంటుంది. నల్గొండ జిల్లా జనం ఎముకలతో కట్టిన మూల్యం దీనిదే.

(ఈ దశలో ఒక శ్రోత లేచి, ‘సార్, మా ఊళ్లో కొబ్బరికాయతో బోరు పాయింట్ చూసే ఆయన ఉన్నాడు. పదింటిలో ఏడు, ఎనిమిది పడతాయి. మీ మిషన్‌తో చూసినా అంతే కదా?’ అని అడిగారు.)

మంచి ప్రశ్న అన్నా, కూర్చోండి. మిషన్ ఏం చేస్తుందో ముందు చెబుతాను. నేలలో నాలుగు కడ్డీలు పాతుతారు. బయటి రెండిటి ద్వారా కరెంటు పంపి, లోపలి రెండిటి మధ్య వోల్టేజి కొలుస్తారు. బయటి కడ్డీల దూరం పెంచేకొద్దీ కరెంటు లోతుకు దిగుతుంది. పొడి గ్రానైటు కరెంటును బాగా అడ్డుకుంటుంది, తడి మొరం తేలిగ్గా పోనిస్తుంది. అంటే మిషన్ నీటిని చూడదు. ఎంత అడ్డుకుందో చెబుతుంది, అంతే. బంకమట్టి ఉన్నా తక్కువే చూపిస్తుంది, ఉప్పునీరున్నా తక్కువే. అది తెలియని మనిషి చేతిలో మిషన్ కూడా కొబ్బరికాయే. హెలికాప్టర్ కింద పెద్ద తీగచుట్ట కట్టి ఆకాశం నుంచి కూడా ఇలాంటి కొలతలు తీస్తారు. ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు రాజస్థాన్‌లో, కర్ణాటకలో చేశారు. అందులోనూ ఈ చిక్కు తప్పదు.

ఇక మీ ఊరాయన. మొరం మందంగా ఉన్న నేలలో కళ్లు మూసుకుని పొడిచినా పదింటిలో ఏడు పడొచ్చు. కాబట్టి ఆయన చెప్పినవి ఎన్ని పడ్డాయో అడిగితే సరిపోదు. ఆయన వద్దన్న చోట వేస్తే ఎన్ని పడేవి? ఆ లెక్క ఎవరి దగ్గరా లేదు, ఎందుకంటే వద్దన్న చోట ఎవరూ వెయ్యరు. ఆయన అనుభవం ఉన్నవాడే కావచ్చు. చెట్లు, పుట్టలు, పల్లం చూసి మనసులో అంచనా వేస్తాడేమో. అప్పుడు గొప్పతనం ఆయన కళ్లది, కొబ్బరికాయది కాదు. మీరు చేయగలిగింది ఒకటుంది. రిగ్గు తిరుగుతున్నప్పుడు ప్రతి పది అడుగులకూ బయటికొచ్చే పొడిని చిన్న కవర్లలో వేసి లోతు రాసిపెట్టండి. ఏ లోతులో నీళ్లు వచ్చాయో, కేసింగ్ ఎక్కడిదాకా దించారో రాయండి. ఊళ్లో ఇరవై బోర్ల కాగితాలు ఒకచోట పెడితే ఏ మిషన్‌కంటే బాగా చెబుతాయి.

(మరో శ్రోత: ‘మా అపార్ట్‌మెంట్ పిల్లర్ల మీద ఉంది, కింద అంతా పార్కింగ్. కిందనే బండ ఉంది కాబట్టి భయం లేదని బిల్డర్ చెప్పాడు. నిజమేనా?’)

సగం నిజం అమ్మా. గట్టి బండ మీద ఊపు తక్కువ, మెత్తటి మట్టి మీద ఎక్కువ. మూసీ పక్కన, పూడ్చిన చెరువుల్లో కట్టినవాటితో పోలిస్తే మీరు నయం. కానీ రెండో సగం బిల్డింగుది. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అంతస్తుల భవనాలు కూలాయి. వాటిలో చాలావాటికి కింద పార్కింగే. పైన గోడలతో బిగువుగా ఉండి, కింద పిల్లర్లు మాత్రమే ఉంటే ఊపంతా ఆ పిల్లర్ల మీద పడుతుంది. అహ్మదాబాద్ కింద మెత్తటి ఒండ్రు నేల ఉంది, మనకు లేదు. ఆ తేడా మీకు అనుకూలం. మీ పిల్లర్లు ఎంత గట్టివో మాత్రం నేను చెప్పలేను, రాయి గురించి చదివినవాడు చెప్పకూడదు కూడా. స్ట్రక్చరల్ ఇంజినీరు చూసి చెప్పాలి. ముందు మీ అసోసియేషన్ దగ్గర మట్టి పరీక్ష రిపోర్టు, స్ట్రక్చరల్ డ్రాయింగులు ఉన్నాయేమో చూడండి. లేకపోతే బిల్డర్‌ను రాతపూర్వకంగా అడగండి. ఆయన ఇవ్వకపోతే ప్లాన్‌కు అనుమతి ఇచ్చిన ఆఫీసులో అడగండి. డ్రాయింగులో ఎన్ని కడ్డీలు, ఏ సైజు, పిల్లరు చుట్టూ రింగులు ఎంత దూరానికొకటి అన్నది ఉంటుంది. ఇంజినీరు మొదట చూసేది ఆ రింగులే.